పదిహేడో రోజు లేని పుస్తకం

పోయిన వారం మన దిద్దుబాటమ్మను ప్రెస్సు మెట్ల మీద, గుండె అరచేతిలో పెట్టుకున్న స్థితిలో వదిలేసి వచ్చాం. వారం రోజులుగా ఆవిడ అక్కడే నిలబడి ఉందేమోనని ఎవరూ కంగారు పడనక్కర్లేదు. మనకు వారమైనా ఆవిడకు గడిచింది ఒక్క రాత్రే. ఆ ఒక్క రాత్రీ కంటి మీద కునుకు లేదన్నది మాత్రం నిజం.

కథలోకి కొత్తగా అడుగుపెట్టిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. ఆవిడ ఒక ప్రచురణ సంస్థలో పద్దెనిమిదేళ్ళుగా ప్రూఫులు దిద్దుతోంది. ఒత్తు జారినా, చుక్క ఎగిరిపోయినా ఆవిడ కన్ను తప్పించుకుని పోయిన దాఖలా లేదు. అందుకే అక్కడందరికీ ఆవిడ దిద్దుబాటమ్మ. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఇంతటి మనిషీ పదకొండేళ్ళుగా దొంగచాటుగా ఒక నవల రాస్తోంది. రాస్తోంది అనడం కన్నా దిద్దుతోంది అంటే న్యాయంగా ఉంటుంది. మొదటి ప్రకరణం నలభై సార్లు దిద్దింది, రెండోది పాతిక సార్లు. మూడోది మొదలుపెట్టే వేళకు మొదటిదాంట్లో ఇంకో లోపం కనపడేది. ఈ సంగతి తెలిసింది ఇంట్లో ఆడపడుచుకొక్కదానికే.

చివరికి రెండు నెలల కిందట తమ ప్రెస్సులోనే మళ్ళీ అచ్చయిన 'నెలలో నవల' అనే గైడును గట్టిగా పట్టుకుంది. నెల రోజులు తటపటాయించి, ఇదే ఆఖరిసారి, ఈసారీ పూర్తి కాకపోతే ఈ జన్మకు మళ్ళీ కాగితం ముట్టనని ఒట్టు పెట్టుకుంది. గైడు చెప్పినట్టే ప్రతి పొద్దునా నాలుగేసి పేజీలు రాసుకుంటూ ఇరవై అయిదు రోజులు లాక్కొచ్చింది. ఇంక ఒక్క ప్రకరణం రాస్తే నవల అయిపోతుంది.

సరిగ్గా అప్పుడే నిన్న సాయంత్రం బైండింగు బాబాయి ఒక దుకాణం నుంచి తిరిగొచ్చిన గైడును విప్పి, తల పట్టుకుని కూర్చున్నాడు. పుస్తకం అంటే పదహారేసి పేజీల మడతలు. వాటిని ప్రెస్సు వాళ్ళు ఫారాలు అంటారు. ఆ ఫారాలను వరసగా పేర్చి, కలిపి కుడితే పుస్తకం. బాబాయి రెండో ఫారాన్ని రెండుసార్లు పెట్టి మూడో ఫారాన్ని పూర్తిగా వదిలేశాడు. ఒక కాపీలో కాదు, మొదటి విడత అయిదొందల కాపీల్లోనూ. అంటే ఆ గైడులో పదహారో రోజు తర్వాత పదిహేడో రోజు రాదు, మళ్ళీ తొమ్మిదో రోజు వస్తుంది. పదిహేడు నుంచి ఇరవై నాలుగు దాకా రోజులే లేవు. గైడు రాసినాయన పొద్దున్నే పదింటికి వస్తున్నానని ఫోను కూడా చేశాడు.

దిద్దుబాటమ్మ అలాంటి కాపీతోనే రాసింది. అంటే నవలకు అతి ముఖ్యమైన ఎనిమిది రోజుల పాఠం ఆవిడకు అందనే లేదు. పదకొండేళ్ళ కోరిక కాస్తా బూడిదలో పోసిన పన్నీరైపోయిందని రాత్రంతా కుమిలి, పొద్దున్నే వచ్చి మళ్ళీ అవే మెట్ల మీద నిలబడింది. మనం అక్కడున్నాం.

ఆవిడ లోపలికి అడుగు పెట్టేసరికి ఓనరు గారి గొంతు అచ్చు యంత్రం మోతను కూడా మించిపోతోంది.

"ముప్పై ఏళ్ళ అనుభవం బాబాయ్ నీది! కళ్ళు మూసుకుని పేర్చినా తప్పు రాకూడదు. నువ్వు నిజంగానే కళ్ళు మూసుకుని పేర్చావు!"

బైండింగు బాబాయి పొడుగాటి బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. వేళ్ళకు అంటుకుని ఆరిపోయిన జిగురును గోటితో గీరుకుంటున్నాడు. బల్ల కింద తాడు కట్టిన కాగితాల కట్టలు కనపడుతున్నాయి. అవే మూడో ఫారాలు. ఎక్కువ అచ్చయిన కాగితాలనుకుని రెండు నెలలుగా వాటి మీదే కాళ్ళు పెట్టుకుని పని చేస్తున్నాడాయన.

"తప్పేనండీ," అన్నాడు.

"తప్పేనండీ అంటే సరిపోతుందా? ఆయన వచ్చి నన్ను నిలదీస్తే నేనేం చెప్పను? ఇదిగో ఈయన చేశాడు, ఈయన్ని పంపించేశాను అని చెప్తాను. రేపట్నుంచి నువ్వు రావక్కర్లేదు."

బాబాయి తలెత్తలేదు. గీరుకోవడం మాత్రం ఆగిపోయింది.

దిద్దుబాటమ్మకు ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. నోరు మూసుకుంటే బాబాయి పోతాడు. నోరు తెరిస్తే పదకొండేళ్ళుగా దాచుకున్న గుట్టు అంతా బల్ల మీద పడుతుంది. ఆవిడేమీ ధైర్యశాలి కాదు. ఒకసారి ఎవరిదో నవల చదివి 'ఈ వాక్యం ఇలా ఉంటే బాగుంటుందేమో' అని మార్జిన్లో రాసి, మళ్ళీ భయమేసి రబ్బరుతో చెరిపేసిన మనిషి. కానీ కళ్ళెదుట పెద్దాయన తల దించుకుని నిలబడితే చూడలేకపోయింది. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవడమెందుకనుకుంది.

"బాబాయి ఒక్కడిదే కాదండీ తప్పు," అంది. "మొదటి కాపీ చూడాల్సింది నేను. పేజీలన్నీ వరసగా ఉన్నాయని సంతకం పెట్టింది నేను."

ఓనరు గారు ఇటు తిరిగారు. "మీరా? అట్ట మీద ఒక్క చుక్క పక్కకి జరిగిందని మూడు వేల అట్టలు మళ్ళీ వేయించారు మీరు. అలాంటిది ఒక ఫారం మొత్తం ఎగిరిపోతే చూడలేదా?"

"చూశానండీ. మొదటి పేజీ చూశాను. అక్కడే ఆగిపోయాను."

"ఎందుకు ఆగిపోయారు? ఏముందక్కడ?"

దిద్దుబాటమ్మ మొహం ఎర్రబడింది. "'ఈ పుస్తకం మీ చేతిలోకి వచ్చిందంటే మీలో ఒక నవల ఉన్నట్టే' అని ఉందండీ. చదివాను. చదివాక ఇంక పేజీలు లెక్క చూడాలని తోచలేదు. సంతకం పెట్టేసి ఇంటికి పట్టుకుపోయాను." ఊపిరి తీసుకుంది. "నేను నవల రాస్తున్నానండీ. పదకొండేళ్ళ నుంచి."

కంచే చేను మేసిందంటే ఇదే. పుస్తకంలో తప్పులుంటే పట్టుకోమని కాపలా పెట్టిన మనిషి ఆ పుస్తకానికే శిష్యురాలైపోయింది. ఓనరు గారు తిట్టాలో నవ్వాలో తెలియక టేబులు మీది పేపరు వెయిటును అటు నుంచి ఇటు జరిపారు.

"పదహారో రోజు అయ్యాక మళ్ళీ తొమ్మిదో రోజు వస్తే అనుమానం రాలేదా అమ్మా మీకు?"

ఆ మాట అడిగింది ఓనరు గారు కాదు. గుమ్మంలో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. వెడల్పాటి భుజాలు, నెరిసిన క్రాపు, భుజానికి వేలాడే బరువైన గుడ్డ సంచి. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

గైడు రాసినాయన ఈయనే. ఊళ్ళో అందరికీ ఈత మాస్టారు. ముప్పై ఏళ్ళు ఈత కొలనులో పిల్లలకూ పెద్దలకూ ఈత నేర్పి, ఈత మీద ఒక గైడు రాశాడు. అది వేడి వేడిగా అమ్ముడుపోయేసరికి, ఇదే చేత్తో నవల మీద కూడా ఒకటి పడేయండి మాస్టారూ అని ఆరేళ్ళ కిందట పట్టుబట్టి రాయించుకున్నది మన ఓనరు గారే.

"రండి రండి మాస్టారూ!" ఓనరు గారు గబగబా కుర్చీ లాగారు. "పొరపాటు జరిగిపోయింది. అన్ని కాపీలూ వెనక్కి తెప్పిస్తాను. తప్పు చేసినవాళ్ళు ఇద్దరూ ఇక్కడే ఉన్నారు..."

"ఆగండి." ఈత మాస్టారు కూర్చోలేదు. దిద్దుబాటమ్మ వైపే చూస్తున్నాడు. "అనుమానం రాలేదా అన్నాను."

"వచ్చిందండీ," అంది ఆవిడ మెల్లగా. "మొదట అచ్చు తప్పేమో అనుకున్నాను. కానీ గురువుగారు ఊరికే పెడతారా, ఇందులో ఏదో పరమార్థం ఉంటుందనుకున్నాను. ఒకసారి రాసింది ఇంకోసారి వేరేగా రాయమని చెప్తున్నారనుకున్నాను. రాశాను."

"ఎనిమిది రోజులూ?"

"ఎనిమిది రోజులూ. పదకొండో రోజు మీరు 'మీ కథలో మనిషిని ఒక ఇల్లు వదిలి వెళ్ళనివ్వండి' అన్నారు కదండీ. మొదటిసారి ఆ అమ్మాయి వైపు నుంచి రాశాను. మళ్ళీ పదకొండో రోజు వచ్చేసరికి, వెళ్ళే మనిషి సంగతి అయిపోయింది, ఇంట్లో మిగిలినవాళ్ళ సంగతేంటి అనిపించింది. అదే ఘట్టం వాళ్ళన్నయ్య వైపు నుంచి రాశాను. అలా అన్నీ రెండేసి సార్లు."

"ఇప్పుడు ఎంత దాకా వచ్చారు?"

"ఇంకొక్క ప్రకరణం ఉంది."

ఈత మాస్టారు అప్పుడు కూర్చున్నాడు. కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. చిన్న నవ్వు కాదు, భుజాలు ఊగిపోయేంత నవ్వు. ఓనరు గారు భయంగా బాబాయి వైపు చూశారు. బాబాయి ఇంకా భయంగా దిద్దుబాటమ్మ వైపు చూశాడు. ఆవిడకు నేల చీలితే బాగుండుననిపించింది.

నవ్వు ఆగాక ఆయన సంచిలోంచి ఒక లావుపాటి కవర్ల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆరేళ్ళలో నాకొచ్చిన ఉత్తరాలు ఇవి. నూట నలభై పైచిలుకు. అందరూ మంచివాళ్ళే, ఒక్కరు కూడా తిట్టలేదు. ఏం రాశారో తెలుసా? 'మాస్టారూ, మీ పుస్తకం అద్భుతం, పదహారు రోజులు చెప్పినట్టే రాశాను, పదిహేడో రోజు నుంచి ఎందుకో సాగడం లేదు.' అందరిదీ అదే పాట. పూర్తి చేశానని రాసినవాళ్ళు ఒక్కళ్ళు లేరు. ఒక్కళ్ళు!" వేలెత్తి చూపించాడు. "ఇది నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే సంగతి కాదు కదా."

తర్వాత జేబులోంచి విడిగా మూడు కవర్లు తీశాడు. వాటిని మాత్రం జాగ్రత్తగా పక్కపక్కన పెట్టాడు.

"ఇవి పోయిన పది రోజుల్లో వచ్చాయి. ఒకాయన మందుల షాపులో పని చేస్తాడు, ఒకావిడ లెక్కల టీచరు, ఇంకొకతను బస్సు డ్రైవరు. ముగ్గురూ నవల పూర్తి చేశారు, పదహారో రోజు తర్వాత మళ్ళీ తొమ్మిదో రోజు వచ్చిందని రాశారు. ముగ్గురూ ఈ కొత్త ముద్రణ కొన్నవాళ్ళే. ఆరేళ్ళలో జరగనిది రెండు నెలల్లో ముగ్గురికి జరిగిందంటే, నా పుస్తకాన్ని మీరేదో చేశారని అర్థమైంది. అది కనుక్కుందామని వచ్చాను. గొడవ పెట్టుకోవడానికి కాదు."

ఓనరు గారు తిరిగొచ్చిన కాపీని చేతిలోకి తీసుకుని తిప్పారు.

"అవును, రెండు నెలలైంది పుస్తకం బజార్లోకి వెళ్ళి," అన్నారు. "అయిదొందల కాపీల్లోనూ ఒక ఫారం లేదు. నిన్న ఒక్కటి తిరిగొచ్చింది. మిగతావాళ్ళు ఎవరూ అడగలేదెందుకు?"

"పదహారో రోజు దాకా వస్తే కదండీ అడగడానికి," అన్నాడు బైండింగు బాబాయి. పొద్దుట్నుంచీ ఆయన సొంతంగా అన్న మొదటి మాట అదే.

అందరూ నవ్వారు, ఓనరు గారితో సహా. నవ్వాక బాబాయిని పంపించేస్తానన్న సంగతి గుర్తొచ్చినట్టుంది, గొంతు సవరించుకున్నారు.

దిద్దుబాటమ్మకు మాత్రం నవ్వు రాలేదు. "మాస్టారూ, ఆ పదిహేడో రోజున ఏముంది?" అని అడిగింది.

"మీరు చూడలేదూ?"

"చూడలేదండీ. మొదటి ముద్రణ ప్రూఫులు వేరే ఆయన దిద్దారు. ఈసారి పాత ఫిల్ములతోనే అచ్చు వేశారు, మళ్ళీ దిద్దే పని పడలేదు."

బాబాయి వంగి బల్ల కింది కట్ట తాడు విప్పి, మూడో ఫారం ఒకటి తీసి చేతికిచ్చాడు. ఆవిడ మడత విప్పింది. పైనే ఉంది పదిహేడో రోజు.

'ఈ రోజు కొత్తగా ఒక్క అక్షరం రాయకండి. ఇంతవరకు రాసినదంతా మొదటి నుంచి చదవండి. ఎక్కడ తప్పు కనపడితే అక్కడ ఆగి సరిచేయండి. అంతా సరిగా ఉందని మీ మనసు చెప్పిన తర్వాతే పద్దెనిమిదో రోజుకు రండి.'

రెండుసార్లు చదివింది. పక్కనే ఉన్న కాగితాల కట్ట మీద కూర్చుండిపోయింది.

అంతా సరిగా ఉందని ఆవిడ మనసు చెప్పడమా? పద్దెనిమిదేళ్ళలో ఏ పుస్తకం గురించీ చెప్పలేదు ఆ మనసు! ఈ పేజీ గనక ఆ కాపీలో ఉండి ఉంటే ఏం జరిగేదో ఆవిడకు స్పష్టంగా కనపడింది. పదిహేడో రోజు పొద్దున మొదటి ప్రకరణం విప్పేది. నలభై ఒకటోసారి దిద్దేది. ఇవాళ్టికి కూడా పదిహేడో రోజే నడుస్తూ ఉండేది. వచ్చే ఏడాది, పై ఏడాది కూడా. రాత్రంతా ఏ ఎనిమిది రోజులు పోయాయని ఏడ్చిందో, ఆ ఎనిమిది రోజులు పోవడం వల్లే నవల బతికింది.

గుండెల మీంచి ఎవరో బండ దించినట్టయింది. ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వొచ్చింది. రెండూ కలిసి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంత తేలిగ్గా ఊపిరి తీసుకుని ఎన్నేళ్ళయిందో ఆవిడకే తెలియదు.

"బాబాయ్, నీ పుణ్యాన నా నవల బతికింది," అంది.

"అయితే రేపు నన్ను రమ్మంటారా అండీ?" బాబాయి ఓనరు గారిని అడిగాడు.

"రేపటి సంగతి తర్వాత. ఇవాళ్టి పని అలా పడి ఉంది, చూడు ముందు!" అని ఓనరు గారు కసిరారు. ఆ కసురుకు బాబాయి మొహం విప్పారింది.

టీలొచ్చాయి. ఓనరు గారిలో వ్యాపారి మేలుకున్నాడు. "అయితే మాస్టారూ, ఇలాగే అచ్చు వేసేద్దాం. 'కొత్త పద్ధతి, రెండు విడతల సాధన' అని అట్ట మీద పెడదాం."

"పెట్టారంటే ఒక్కడూ చెయ్యడు. రెండోసారి ఎందుకులే, ఒకసారి చేశాం కదా అని దాటేస్తాడు," అన్నాడు ఈత మాస్టారు. "వీళ్ళు చేశారంటే నమ్మి చేశారు. నమ్మి ఇంకో ఎనిమిది రోజులు కుర్చీలో కూర్చున్నారు. అంతే జరిగింది, అంతకన్నా మహిమేమీ లేదు."

"అంటే గైడు వల్ల లాభం లేదంటారా?" దిద్దుబాటమ్మ అడిగింది. "నన్ను రోజూ కూర్చోబెట్టింది మాత్రం మీ పుస్తకమే కదండీ. అంతకు ముందు పదకొండేళ్ళు ఎవరూ కూర్చోబెట్టలేకపోయారు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "కూర్చోబెడుతుంది. అంతవరకు అబద్ధం కాదు. నా ఈత పుస్తకం చదివి ఎవరూ మునిగిపోలేదమ్మా. ఎందుకంటే దాన్ని చేత్తో పట్టుకుని ఎవరూ నీళ్ళలోకి దిగలేదు. గట్టు మీద పెట్టి దిగారు. ఈ నవల పుస్తకాన్నే జనం గట్టు మీద పెట్టరు, చివరి దాకా పట్టుకునే ఈదుదామనుకుంటారు. ఒంటిచేత్తో ఎంత దూరం ఈదుతారు? నాకు ముందే తెలియాల్సింది. తెలియలేదు, ఎందుకంటే..."

చెప్పాలా వద్దా అని చూసి, చెప్పేశాడు.

"ఎందుకంటే నాకు ఈత వచ్చు. నవల రాదు. నాదొకటి ఉంది, తొమ్మిదేళ్ళుగా. అది ఎక్కడ ఆగిపోయిందో ఆ చోటునే ఈ పుస్తకంలో పదిహేడో రోజు అని రాశాను. నాకు అక్కడ దిద్దాలనిపించింది, అందరూ దిద్దాలనుకున్నాను."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఈ చెప్పేవాడు మాత్రం వినేవాళ్ళందరితో పాటు అదే రేవులో నిలబడి ఉన్నాడు. దిద్దుబాటమ్మకు ఆయన మీద కోపం రాలేదు. జాలి కూడా కాదు. తనలాంటి మనిషి ఇంకొకరు ఉన్నారన్న ఒక సంతోషం కలిగింది.

"మీ కాపీ నాకిస్తారా?" అని అడిగాడు ఈత మాస్టారు, చిన్నపిల్లాడు అడిగినట్టు. "పదిహేడో రోజు లేనిది."

"ఇంకా అయిదు రోజుల పాఠం ఉందండీ అందులో. ఇరవై ఆరు నుంచి ముప్పై దాకా."

"ఆ అయిదు రోజులూ ఉత్త భుజం తట్టడమే. శభాష్, భలే, ఇంకొంచెం అని రాశాను. మీకక్కర్లేదు."

ఆవిడ చేతిసంచిలోంచి గైడు తీసింది. అంచులు నలిగి, ప్రతి రోజు పక్కనా తేదీ వేసి ఉంది. ఇచ్చేసింది. ఇచ్చాక సంచి తేలికైంది, మనసు కూడా.

ఓనరు గారు ఇదంతా చూసి, వేళ్ళ మీద ఏవో రోజులు లెక్కపెట్టుకుని, "దిద్దుబాటమ్మగారూ," అన్నారు. పద్దెనిమిదేళ్ళలో ఆ పేరుకు 'గారు' తగిలించడం అదే మొదలు. "సోమవారం పొద్దున యంత్రం ఖాళీ. రావలసిన నవల రాలేదు, ఆయన ఇంకా మూడో ప్రకరణం దిద్దుకుంటున్నాడట. ఆదివారం సాయంత్రానికి మీ చివరి ప్రకరణం రాసి మొత్తం తెచ్చి ఇస్తే చదువుతాను. బాగుంటే వేస్తాను. లేకపోతే మళ్ళీ ఏడాది దాకా ఖాళీ లేదు. ఈ పూట సెలవు తీసుకోండి, వెళ్ళండి."

శుక్రవారం మధ్యాహ్నం అది. దిద్దుబాటమ్మ మెట్లు ఎలా దిగిందో, బస్సు ఎప్పుడెక్కిందో ఆవిడకు గుర్తులేదు.

ఇంటి ముందు గదిలో ఆడపడుచు కుట్టు మిషను తొక్కుతోంది. ఎవరిదో పిల్లల యూనిఫారాలు మోకాళ్ళ ఎత్తున పడి ఉన్నాయి. దర్జీ పని చేసేవాళ్ళకు ఎదుటి మనిషిని చూడగానే కొలత తెలిసిపోతుందంటారు. వదిన మొహం చూసి ఈమె కాలు ఆపేసింది.

"ఏంటి వదినా, ఉద్యోగం ఊడిందా, లాటరీ తగిలిందా? రెంటికీ ఒకే మొహం పెడతావు నువ్వు."

దిద్దుబాటమ్మ అంతా చెప్పింది. ఆడపడుచు విని, విని, చివరికి మిషను మీద తల ఆనించి నవ్వింది. "మా చేతికొచ్చే కాగితపు కటింగులూ అంతే. చంక ఎక్కడ తిప్పాలో చెప్తాయి గానీ వేసుకునే మనిషికి పొట్ట ఉందని వాటికేం తెలుసు? సరే, ఇంక కూర్చుని రాయి. అన్నయ్యకి అన్నం నేను పెడతాను."

దిద్దుబాటమ్మ లోపలికి వెళ్ళి, రాసిన కాగితాల కట్ట తెచ్చింది. ఇరవై అయిదు రోజుల పేజీలు. ఆడపడుచు చేతిలో పెట్టింది.

"దీన్ని దిండు గలీబులో పెట్టి కుట్టేయ్."

"ఏంటి?"

"నాలుగు వైపులా కుట్టేయ్. ఆ పదిహేడో రోజు పేజీ చదవకపోయినా బాగుండేది. చదివినప్పట్నుంచీ వేళ్ళు లాగేస్తున్నాయి. విప్పానంటే మొదటి పేజీ దగ్గర మొదలెడతాను, ఆదివారం కాదు కదా వచ్చే ఆదివారానికి కూడా రెండో పేజీకి రాను. నా సంగతి నీకు తెలుసు."

"నీ సంగతి నాకు తెలుసు కాబట్టే రెండు పేటల దారంతో కుడతాను," అంది ఆడపడుచు. అన్నట్టే కుట్టింది. మూల మూలకూ ముడి వేసి, కొసలు కత్తిరించి, మూటను వదిన ఒళ్ళో పడేసింది. "పో. మళ్ళీ నా దగ్గరికి వస్తే విప్పను, ముందే చెప్తున్నా."

ఆ సాయంత్రం, శనివారం పొద్దున, మధ్యాహ్నం దిద్దుబాటమ్మ రాసింది. వెనక్కి తిరిగి చూసే వీలు లేకపోవడం ఎంత సుఖమో ఆవిడకు తెలిసొచ్చింది. గైడు లేదు, పాత పేజీలు లేవు. తెల్ల కాగితం, తనూ. కలం ఆగితే కిటికీలోంచి వీధి చూసేది, మళ్ళీ సాగేది. పద్నాలుగు పేజీలు నడిచాయి. నవలలో అమ్మాయి టెలిఫోను ఆపరేటరు. ఎన్నో ఏళ్ళ కిందట ఒక పొద్దున అన్నయ్య ఇంటిని వదిలి వెళ్ళిపోయిన ఆ అమ్మాయి, ఇప్పుడు తిరిగొచ్చి ఆ గుమ్మం ముందు నిలబడింది. తలుపు వేసి ఉంది. లోపల దీపం వెలుగుతోంది.

దిద్దుబాటమ్మ తర్వాతి వాక్యం మొదలుపెట్టి ఆగిపోయింది.

ఆ అమ్మాయి దగ్గర తాళంచెవి ఉందా, లేదా?

ఉంటే తనే తలుపు తీసుకుని లోపలికి నడుస్తుంది. లేకపోతే తలుపు తట్టాలి, అన్నయ్య లేచి రావాలి, తీయాలా వద్దా అని ఆయన ఆలోచించాలి. రెండూ రెండు వేరు నవలలు. ఇల్లు వదిలిన ఘట్టం ఆవిడ రెండుసార్లు రాసింది కదా! ఒకసారి ఆ అమ్మాయి తాళంచెవి సంచిలో వేసుకుని వెళ్ళినట్టు రాసిన గుర్తు. ఇంకోసారి అన్నయ్య అరచేతిలో పెట్టి వెళ్ళినట్టు రాసిన గుర్తు. ఇది ఒట్టి మతిమరుపో, నిజంగానే అలా రాసిందో, రెండింట్లోనూ ఒకటే రాసిందో కూడా ఇప్పుడు తెలియడం లేదు. ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా, ఒకసారి సంచి కనపడుతుంది, ఒకసారి అరచెయ్యి కనపడుతుంది.

చూడకుండా రాస్తే కథ అబద్ధమవుతుంది. చూడటానికి విప్పితే...

ఒక్క పేజీ. ఒక్క పేజీ చూసి మళ్ళీ కుట్టించేస్తే సరి. అందులో ఒత్తు జారినా సరే, చుక్క ఎగిరినా సరే, చూడనట్టే ఉంటుంది. తాళంచెవి ఒక్కటే చూస్తుంది. అంతే కదా!

శనివారం సాయంత్రం అయిదయింది. మూట ఒళ్ళోకి వచ్చింది. ఎలా వచ్చిందో ఆవిడ గమనించలేదు. బొటనవేలు కుట్టు వెంట నడిచి మూలనున్న ముడి దగ్గర ఆగింది.

ముందు గదిలో మిషను చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

"వదినా," ఆడపడుచు గొంతు వినపడింది. "నా కత్తెర కనపడటం లేదు. నువ్వు చూశావా?"